ఏఎస్ (యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను వాపు జబ్బు) ఉన్నోళ్లకి గుండె రక్తనాళాలు తొందరగా పూడుకుంటాయా? కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చినా?

కావలి_అక్క:

మా తమ్ముడి గురించి అడుగుతున్నా. వయసు 36. కొండపి దగ్గర పొగాకు సేద్యం, సొంత బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) ఉంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలి ఎనిమిదేళ్లయింది. హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్. ఎమ్మారైలో నడుము కింద రెండు శాక్రోఇలియాక్ కీళ్లలోనూ వాపు కనపడింది. అప్పట్నుంచీ ఎటోరికాక్సిబ్ 90 అనే నొప్పి మాత్ర రోజూ ఒకటి. నొప్పి మరీ ఎక్కువైన రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ కూడా వేయించుకుంటాడు. రోజుకి ఒక కట్ట బీడీలు. మా నాన్నకి 54 ఏళ్లకే స్టెంట్ వేశారు.

మొన్నటి రిపోర్టులు: బీపీ 148/94, టోటల్ కొలెస్ట్రాల్ 152, ఎల్‌డీఎల్ 88, హెచ్‌డీఎల్ 31, ట్రైగ్లిజరైడ్స్ 165, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 28, ఈఎస్‌ఆర్ 52, క్రియాటినిన్ 1.2, హెచ్‌బీఏ1సీ 5.8. ఈసీజీ మామూలుగానే ఉంది.

ఒక డాక్టరు గారు కొలెస్ట్రాల్ బాగుంది, గుండెకేం భయం లేదన్నారు. ఇంకొకరు ఈ జబ్బులో రక్తనాళాలు పూడుకుంటాయి, నొప్పి మాత్ర వెంటనే ఆపెయ్ అన్నారు. ఆపితే తెల్లారి మంచం దిగలేడు. ఏది నమ్మాలి? ఇంకేం టెస్టులు చేయించాలి? ఛాతీలో అప్పుడప్పుడు పట్టేసినట్టు ఉంటుందంటాడు. అది వెన్ను జబ్బుదా, గుండెదా, ఎట్టా తెలుస్తుంది?

కీళ్లవాతం_నెల్లూరు:

అక్కా, ఇద్దరు డాక్టర్లూ చెరో సగం చెప్పారు. కొలెస్ట్రాల్ అంకె చూసి భయం లేదనుకోవడం తప్పు. మాత్ర ఒక్కసారిగా ఆపేసి ఊరుకోవడమూ తప్పే.

ముందు కొలెస్ట్రాల్ సంగతి. ఎక్కువమంది మోసపోయేది అక్కడే. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రగులుతున్నంతసేపూ టోటల్ కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ మూడూ కిందికి దిగుతాయి. సీఆర్‌పీ 28 ఉన్న రోజు తీసిన ఎల్‌డీఎల్ 88ని ఆయన అసలు అంకెగా లెక్కలోకి తీసుకోకూడదు. జబ్బు అదుపులోకి వచ్చాక అదే మనిషికి 110 రావచ్చు, 120 రావచ్చు. అప్పుడు కొత్త మందు వల్లే కొలెస్ట్రాల్ పెరిగిందని కంగారుపడి ఆ మందు మానేస్తుంటారు. నిజానికి వాపు కింద దాగున్న అంకె అప్పుడు బయటపడుతుంది, అంతే. అందుకే యూరప్ కీళ్లవాత వైద్యుల సంఘం యూలార్ తన సూచనల్లో లిపిడ్లు జబ్బు నిలకడగా ఉన్నప్పుడు చూడమని రాసింది. గుండె రిస్కు లెక్క కనీసం 5 ఏళ్లకొకసారి, పెద్ద మందు ఏదైనా మార్చినప్పుడల్లా మళ్లీ వేయమంది. రక్తం పరగడుపునే ఇవ్వాలన్న పట్టింపు అక్కర్లేదు.

ఇక పూడిక ఎందుకు ఎక్కువంటే, వెన్నులో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి పదార్థాలు అక్కడే ఆగిపోవు. రక్తంలో తిరుగుతూ నాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ పొర అతుక్కునే గుణం తెచ్చుకుంటుంది, తెల్లకణాలు దానికి అంటుకుని లోపలికి దూరతాయి, లోపలికి చేరిన ఎల్‌డీఎల్‌ను మింగి కొవ్వు ముద్దలవుతాయి. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటమే కాక, ఉన్నది కూడా కాపాడే పని సరిగా చేయదు. పూడిక మీద ఉండే పైపొర పలచబడి పగిలితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. వాపుకి ఇందులో సొంత పాత్ర ఉందని 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్ చూపించింది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా అందులో ఉన్నారు. కెనకినుమాబ్ అనే మందు వాళ్లలో కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండానే, వాపును మాత్రమే తగ్గించి, గుండె ఘటనలను సుమారు 15 శాతం తగ్గించింది. ఆ మందు మీ తమ్ముడికి వాడమని కాదు. వాపు తగ్గించడం నొప్పి కోసమే కాదు, నాళాల కోసం కూడానని చెప్పడానికి.

ఎంత ఎక్కువ అంటే, పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన లెక్కల్లో ఏఎస్ ఉన్నవాళ్లకి గుండెపోటూ పక్షవాతమూ మామూలు వాళ్ల కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. ఈ మాట విని బెదిరిపోకండి. 36 ఏళ్ల వయసులో అసలు రిస్కు చిన్నది, చిన్నదానికి ఒకటిన్నర రెట్లు కూడా చిన్నదే. కానీ మీ తమ్ముడి విషయంలో దాని మీద ఇంకా నాలుగు పడుతున్నాయి: బీడీ, బీపీ, ఎనిమిదేళ్లుగా ఆరని వాపు, 55 లోపే తండ్రికి గుండె జబ్బు. తండ్రిది మనం మార్చలేం. మిగిలిన మూడూ మార్చగలం. నా వరుస అయితే బీడీ ముందు, తర్వాత బీపీ, తర్వాత వాపు. కొలెస్ట్రాల్ నాలుగోది.

ఇంకో చిక్కు. ఆన్‌లైన్‌లో దొరికే రిస్కు కాలిక్యులేటర్లు చాలావరకు ఆయనకి పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు, యూరప్ స్కోర్2 రెండూ 40 ఏళ్ల నుంచే మొదలవుతాయి. క్యూరిస్క్3 చిన్న వయసుకీ లెక్క ఇస్తుంది గానీ అందులో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి గడి ఉంది, ఏఎస్‌కి లేదు. కొందరు రుమటాయిడ్‌కి వాడే 1.5 గుణకాన్ని తెచ్చి ఏఎస్‌కీ పెడతారు. యూలార్ అది రుమటాయిడ్‌కే చెప్పింది. హెచ్‌ఎస్-సీఆర్‌పీ టెస్టు చేయించి గుండె రిస్కు తేల్చాలని కూడా ఎవరైనా అంటారేమో, డబ్బు దండగ. వెన్ను జబ్బే దాన్ని పెంచేస్తుంది కదా.

మందుల_లెక్క:

నొప్పి మాత్ర గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ ప్రమాదం అదే అనిపిస్తోంది.

బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్లకి ఎటోరికాక్సిబ్ ఇవ్వకూడదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ స్పష్టంగా రాసింది. గుండెపోటు, పక్షవాతం, కాళ్ల నాళాల పూడిక, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకి కూడా వద్దంది. ఏఎస్‌కి ఆ మందు మోతాదు రోజుకి 60. అవసరమైతే 90 దాకా వెళ్లొచ్చు, తగ్గాక మళ్లీ 60కి దించాలి. మన దగ్గర చీటీ మీద 90 రాస్తే ఏళ్ల తరబడి అదే 90 నడుస్తుంది, షాపులో అడిగేవాళ్లుండరు.

ఎందుకు బీపీ పెరుగుతుందంటే, కిడ్నీలో ఉప్పు బయటికి పోవడానికి కాక్స్-2 ఎంజైమ్ చేసే ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. ఈ మాత్ర వాటిని ఆపుతుంది. ఉప్పూ నీళ్లూ ఒంట్లో నిలుస్తాయి. రెండో పని, నాళాల లోపలి పొర తయారుచేసే ప్రోస్టాసైక్లిన్ తగ్గిపోతుంది. అది రక్తం గడ్డకట్టకుండా చూసేది. ప్లేట్‌లెట్లలో గడ్డకట్టించే థ్రాంబాక్సేన్ మాత్రం అట్టాగే ఉంటుంది. తూకం గడ్డకట్టే వైపు ఒరుగుతుంది.

కానీ ఏఎస్‌లో ఈ జాతి మాత్రలే మొదటి వైద్యం, అది మర్చిపోకూడదు. పరిశోధనలు కూడా రెండు వైపులా లాగుతున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 2015లో వచ్చిన అధ్యయనంలో 65 దాటిన ఏఎస్ రోగుల్లో నొప్పి మాత్రలు వాడనివాళ్లలోనే నాళ సంబంధ మరణాలు ఎక్కువ. అదే దేశంలో బ్రిటిష్ కొలంబియా నుంచి 2019లో వచ్చిన అధ్యయనం, అది ఏఎస్ మీద కాదు, కీళ్ల అరుగుదల (ఆస్టియోఆర్థరైటిస్) మీద, ఆ జబ్బులో అదనంగా ఉన్న గుండె రిస్కులో దాదాపు 41 శాతం ఈ మాత్రల ద్వారానే వస్తోందని తేల్చింది. రెండూ సరిగ్గానే చేసినవి. మాత్ర వేసుకుని చురుగ్గా తిరగగలిగే మనిషికి లాభం, బీపీ పెంచుకుంటూ వేసుకునే మనిషికి నష్టం అని నేను అర్థం చేసుకుంటాను. మీ తమ్ముడు ఇప్పుడు రెండో వరుసలో ఉన్నాడు.

డాక్టరు గారితో మాట్లాడాల్సిన మార్పు ఇది. ఎటోరికాక్సిబ్ తీసేసి నాప్రోక్సెన్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక. పొద్దున టిఫినుకి అరగంట ముందు పాంటాప్రజోల్ 40. ఈ జాతిలో గుండెకి తక్కువ చెరుపు చేసేది నాప్రోక్సెన్ అని చాలామంది ఒప్పుకుంటారు, కడుపులో పుండుకి మాత్రం అది ముందుంటుంది. అందుకే ఆ పాంటాప్రజోల్ వదలొద్దు. కడుపు తట్టుకోకపోతే సెలెకాక్సిబ్ 200. 2016లో వచ్చిన ప్రెసిషన్ ట్రయల్‌లో మామూలు మోతాదు సెలెకాక్సిబ్ గుండె విషయంలో నాప్రోక్సెన్ కన్నా తీసిపోలేదు. ఏ మాత్ర అయినా రెండు నుంచి నాలుగు వారాలు వాడితే గానీ పని చేసిందో లేదో చెప్పలేం, రెండ్రోజులకే మార్చకండి. మార్చిన రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం ఒకసారి చూడాలి. 1.2 అంటే ఆయన వయసుకి కిడ్నీ వడపోత సుమారు 80 ఉన్నట్టు. ఫరవాలేదు గానీ పెరుగుతోందా అన్నది కనిపెట్టుకోవాలి.

బీపీ మాత్ర ఏది అన్నదీ ముఖ్యమే. నొప్పి మాత్రలు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, నీళ్ల మాత్రల (మూత్రం ఎక్కువ పోయించేవి) పనిని కొట్టేస్తాయి. ఆమ్లోడిపిన్ పనిని అంతగా చెడగొట్టవు. అందుకని ఇట్టాంటివాళ్లకి ఆమ్లోడిపిన్ 5తో మొదలుపెట్టడం తెలివైన పని. షాపుల్లో బాగా నడిచే టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన మాత్ర వేసుకుంటూ పైన నొప్పి మాత్ర కూడా వేసుకుంటే, మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీయగలవు. బ్యారన్ కాల్చే రోజుల్లో, ఎండల్లో నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయినప్పుడు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వాంతులు విరేచనాలైన రోజు నొప్పి మాత్ర ఆపాలి.

ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ మాత్రం ఇవాళే మానెయ్యాలి. సాధారణంగా అందులో ఉండేది డైక్లోఫెనాక్ 75, దానితో పాటు డెక్సామెథసోన్. ఎటోరికాక్సిబ్ వేసుకున్న రోజే డైక్లోఫెనాక్ పడితే ఒకే జాతి మందు రెండుసార్లు పడినట్టు, పైగా గుండెకి ఎక్కువ చెరుపు చేసేవాటిలో డైక్లోఫెనాక్ ఒకటి. స్టెరాయిడ్ వెన్ను వాపుకి దీర్ఘకాలం పనిచేయదు, బీపీనీ షుగర్‌నీ పెంచుతుంది. హెచ్‌బీఏ1సీ 5.8 అంటే షుగర్ గడప మీద ఉన్నట్టు. పేరు లేని పొట్లాల పొడులూ వద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది.

ఆస్ప్రిన్ సొంతంగా మొదలుపెట్టొద్దు. గుండెపోటు రాని, స్టెంట్ లేని మనిషికి నాప్రోక్సెన్ మీద ఆస్ప్రిన్ కలిపితే కడుపులో రక్తం కారడమే మిగులుతుంది.

ఎకో_గది_ఒంగోలు:

ఛాతీ పట్టేయడం గురించి. ఏఎస్‌లో పక్కటెముకలు వెన్నుకీ రొమ్ము ఎముకకీ అతికే చోట్ల వాపు వస్తుంది. ఆ నొప్పి వేలితో నొక్కితే కచ్చితంగా ఒక చోట పుడుతుంది, గట్టిగా ఊపిరి తీస్తే, తుమ్మితే, మంచంలో పక్కకి తిరిగితే పెరుగుతుంది, పొద్దున ఎక్కువ ఉండి తిరిగేకొద్దీ సడలుతుంది. గుండె నొప్పి వేలితో చూపించేట్టు ఉండదు, అరచేయి పెట్టి చూపిస్తారు. బరువు పెట్టినట్టు ఉంటుంది. మెట్లెక్కితే, మూట ఎత్తితే వచ్చి, ఆగితే తగ్గుతుంది. దవడకో, ఎడమ చేతికో, వెన్ను మధ్యకో పాకుతుంది. చెమట, ఆయాసం, వాంతి వచ్చేట్టుండటం తోడవుతాయి.

ఇంత చెప్పినా ఒక జాగ్రత్త. ఎనిమిదేళ్లుగా పక్కటెముకల నొప్పికి అలవాటుపడ్డ మనిషి గుండె నొప్పిని కూడా ‘ఎప్పుడూ ఉండేదే’ అని పక్కన పెట్టేస్తాడు. అసలు ప్రమాదం అక్కడ ఉంది. కాబట్టి పాత నొప్పికి భిన్నంగా ఏ నొప్పి వచ్చినా, చెమటతో వచ్చినా, 15 నిమిషాలు దాటినా నొప్పి మాత్ర వేసుకుని చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో మొదటి ఈసీజీ మామూలుగా ఉందని పంపించేస్తే, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కూడా చూడమని, కొన్ని గంటల తర్వాత రెండూ మళ్లీ తీయమని అడగండి. మొదటి గంటలో రెండూ మామూలుగా రావడం కొత్త కాదు.

నడిస్తే వచ్చే నొప్పి ఉందా అన్నది ఇప్పుడే తమ్ముడిని నిలదీసి అడగండి. ఉంటే ఈ థ్రెడ్ పక్కన పెట్టి ఈ వారమే గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అట్టాంటిదేమీ లేకపోతే చేయించదగ్గవి మూడు. మొదటిది 2డీ ఎకో. పూడిక కోసం కాదు. ఈ జబ్బు బృహద్ధమని మొదట్లో వాపు తెచ్చి అక్కడి కవాటం సరిగా మూసుకోకుండా చేయగలదు. ఏఎస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏటా ఎకో అక్కర్లేదు. స్టెతస్కోప్‌తో శబ్దం వినపడినా, ఆయాసం ఉన్నా, ఛాతీ నొప్పి తేలకపోయినా తీయాలి. మీ తమ్ముడికి నొప్పి ఉంది కాబట్టి ఒకసారి తీయించండి. చీటీ మీద ‘ఏఎస్ ఉంది, బృహద్ధమని మూలం, కవాటం చూడండి’ అని రాయించండి. లేకపోతే గుండె పంపింగ్ అంకె ఒక్కటి రాసి పంపించేస్తారు. ఈసీజీలో పీఆర్ ఎంత ఉందో కూడా చూడండి, 200 మిల్లీసెకండ్లు దాటితే విద్యుత్ మార్గంలో ఆలస్యం ఉన్నట్టు. అది కూడా ఈ జబ్బులో వస్తుంది.

రెండోది మెడ నాళాల డాప్లర్. రిపోర్టులో గోడ మందం అని ఒక అంకె రాస్తారు, దాని మీద ఆధారపడొద్దు. తీసే చేతిని బట్టి మారుతుంది. పూడిక ఉందా లేదా అని విడిగా రాయమని అడగండి. చుట్టుపక్కల గోడ కన్నా సగానికి పైగా ఉబ్బినా, 1.5 మిల్లీమీటర్లు దాటినా దాన్ని పూడిక అంటారు.

మూడోది లైపోప్రోటీన్-ఏ (వంశంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్), జీవితంలో ఒక్కసారి చాలు. వంశంలో చిన్న వయసులో స్టెంట్ ఉన్నవాళ్లకి తప్పకుండా. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ.

కీళ్లవాతం_నెల్లూరు:

డాప్లర్ మాటకి ఒకటి కలుపుతాను. పూడిక కనపడితే ఎల్‌డీఎల్ 88 అయినా సరే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టాలి, రోసువాస్టాటిన్ 10 గానీ అటోర్వాస్టాటిన్ 20 గానీ. ఎల్‌డీఎల్‌ని 70 కిందికి, చాలామంది గుండె డాక్టర్ల లెక్కలో 55 కిందికి తేవాలి. పూడిక కనపడకపోతే రిస్కు లేనట్టు కాదు. వాపు తగ్గాక లిపిడ్లు మళ్లీ చూసి తేల్చుకోవచ్చు. స్టాటిన్ మొదలుపెట్టాక తొడలు, భుజాలు నొప్పి అంటే అది ఏఎస్‌దే అనుకోకుండా సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసేది) చేయించండి.

కావలి_అక్క:

నడిస్తే నొప్పి రాదంట, తుమ్మితే, పక్కకి తిరిగితేనే అంటున్నాడు. ఎకో రాయించుకుంటాం. ఇంకొకటి. బయోలాజిక్ ఇంజెక్షన్ (వాపు పుట్టించే పదార్థాన్ని అడ్డుకునేది) గానీ, ఖర్చు తక్కువలో టోఫాసిటినిబ్ మాత్ర గానీ వాడదామని డాక్టరు గారు అన్నారు. గుండె వైపు నుంచి చూస్తే ఏది మేలు?

కీళ్లవాతం_నెల్లూరు:

రెండు రకాల నొప్పి మాత్రలు, ఒకదాని తర్వాత ఒకటి, మొత్తం నాలుగు వారాలు సరైన మోతాదులో వాడినా ఏఎస్‌డాస్ (జబ్బు జోరుని కొలిచే) స్కోరు 2.1 దాటి ఉంటే పై మందుకి వెళ్లాల్సిందే. సీఆర్‌పీ 28తో ఆయన స్కోరు దాటే ఉంటుంది, అయినా అంకె వేయించి కాగితం మీద పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

టోఫాసిటినిబ్ 5 రోజుకి రెండుసార్లు. ఏఎస్‌కి అమెరికాలో 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. బాగా పనిచేస్తుంది, మన దగ్గర జెనరిక్ రావడంతో అందుబాటులోకి వచ్చింది. కానీ రుమటాయిడ్ రోగుల్లో, 50 దాటి, కనీసం ఒక గుండె రిస్కు ఉన్నవాళ్లలో చేసిన ట్రయల్‌లో టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులతో పోలిస్తే గుండె ఘటనలు, క్యాన్సర్లు ఎక్కువ కనపడ్డాయి. అందుకే పెట్టె మీద హెచ్చరిక వేయించారు. మీ తమ్ముడికి 50 లేవు, జబ్బూ వేరు. అయినా పొగ తాగే మనిషి, తండ్రికి స్టెంట్, బీపీ. ఇవన్నీ ఉన్నప్పుడు నేనైతే ముందు టీఎన్‌ఎఫ్ మందే చూస్తాను. అడాలిముమాబ్ 40, రెండు వారాలకొకసారి చర్మం కింద. బయోసిమిలర్లు (అదే మందుకి దగ్గరి నకలు మందులు) మన దేశంలోనే తయారవుతున్నాయి, అసలు బ్రాండు కన్నా బాగా తక్కువకి దొరుకుతాయి. ఖర్చు మోయలేక టోఫాసిటినిబ్‌కే వెళ్లాల్సి వస్తే అది పాపం కాదు. వాపుని అట్టాగే వదిలేయడం కన్నా మేలు. అప్పుడు బీడీ మానడం, బీపీ అదుపు రెండూ షరతులు అనుకోండి, లిపిడ్లు 4 నుంచి 8 వారాల మధ్య చూడాలి.

ఏ మందుకైనా ముందు క్షయ పరీక్ష. ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా రక్త పరీక్ష గానీ మాంటూ చర్మ పరీక్ష గానీ, హెపటైటిస్ బీ, సీ. లోపల నిద్రపోతున్న క్షయ ఉంటే దానికి మందు మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువు దాటాకే ఇంజెక్షన్. ఇది తప్పించి మొదలుపెట్టిన చోటే క్షయ విరుచుకుపడుతుంది. చీమకుర్తి రాయి పనిలో ఉన్నవాళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి, రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ తొందరగా చేరుతుంది. గుండె వైఫల్యం ముదిరి ఉంటే టీఎన్‌ఎఫ్ మందులు వద్దు, ఎకో ముందే తీయించడానికి అదొక కారణం. మెథోట్రెక్సేట్ వెన్నుకి పనిచేయదు, సల్ఫసలజీన్ మోకాలు, చీలమండ లాంటి బయటి కీళ్లకే. అవి రాసి నెలలు గడపనివ్వకండి.

మందుల_లెక్క:

బీడీ మాట ఎవరూ విడమరచి చెప్పలేదు. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి బీడీ వెలిగిస్తే నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది, అరగంట దాటాక అయితే 2ది. నమిలి మింగేది కాదు. నాలుగైదుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టి వదిలెయ్యాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అట్టా అరగంట. టీ తాగిన పావుగంటలో వేసుకుంటే నికోటిన్ ఒంటికి పట్టదు, పనిచేయలేదని పారేసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. వారెనిక్లిన్ అయితే డాక్టరు చీటీతో 12 వారాలు. పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత ఫోను 1800-112-356. చుట్ట అయినా బీడీ అయినా నాళాలకి ఒకటే. ఏఎస్‌లో పొగ వెన్నుపూసలు అతుక్కోవడాన్ని కూడా వేగం చేస్తుంది, ఆ మాట చెప్పి చూడండి. గుండె అంటే వినని వాళ్లు వెన్ను అంటే వింటారు.

బీపీ ఇంట్లో ఏడు రోజులు చూడండి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కో కొలతకి నిమిషం ఎడం. ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, అరగంట ముందు బీడీ, టీ ఉండకూడదు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు తీయండి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువే. తడి ఆకు కొట్టిన రోజు చర్మం గుండా నికోటిన్ ఎక్కుతుంది, ఆ సాయంత్రం కొలత లెక్కలో వేసుకోకండి. చేతులకి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఎటూ కావాలి.

ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. మన దగ్గర అది ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాల్లోనే అయిపోతుంది. పచ్చి చేప మంచిది. కవళ్లు, కానగంతలు లాంటి నూనె ఉన్న సముద్రపు చేపలు వారానికి రెండుసార్లు, వేపుడు కాకుండా పులుసు పెట్టుకుంటే చాలు. పులుసులో ఉప్పు తగ్గించాలి, అది మన నెల్లూరోళ్లకి కష్టమే.

కనిగిరి_నీళ్లు:

మధ్యలో వస్తున్నా, ఇది చదివే మా వైపు వాళ్ల కోసం. కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి కూడా వెన్ను బిగుసుకుపోతుంది, ఎక్స్‌రేలో వెన్ను కట్లు గట్టిపడినట్టు కనపడుతుంది. దాన్ని ఏఎస్ అనుకోవడం ఉంది. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బుని (ఫ్లోరోసిస్) మొదట వైద్య పత్రికకి ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఫ్లోరోసిస్‌లో సీఆర్‌పీ సాధారణంగా మామూలుగా ఉంటుంది, ఎముకలు మరీ తెల్లగా దట్టంగా కనపడతాయి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడుతుంది. వెన్ను ఎక్స్‌రేతో పాటు ముంజేయి ఎక్స్‌రే కూడా తీయిస్తే తేడా తేలిపోతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్క వాళ్ల తమ్ముడికి బీ27, ఎమ్మారై, సీఆర్‌పీ అన్నీ ఉన్నాయి కాబట్టి అక్కడ అనుమానం లేదు. కాకపోతే రెండూ ఒకే మనిషికి ఉండకూడదని ఏమీ లేదు. కొండపిలో బోరు నీళ్లే తాగుతుంటే ఒకసారి పరీక్షకి ఇవ్వండి. కిడ్నీ బలహీనపడితే ఫ్లోరైడ్ బయటికి పోవడమూ తగ్గుతుంది, నొప్పి మాత్రలు ఎక్కువ వాడేవాళ్లకి అది రెండో దెబ్బ.

ఫిజియో_కందుకూరు:

వ్యాయామం వెన్ను కోసం వేరు, గుండె కోసం వేరు. వంగడం, సాగడం వెన్నుకి. గుండెకి మాత్రం ఊపిరి వేగం పెరగాలి. వారంలో 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత జోరులో నడక. నార్వేలో ఈ జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకే మూడు నెలలు గట్టి వ్యాయామం చేయించి చూశారు. జబ్బు పెరగలేదు సరికదా, నొప్పీ బిగుతూ తగ్గాయి, గుండె ఊపిరి సత్తువా పెరిగింది. మీ తమ్ముడు గట్టి వ్యాయామానికి వెళ్లే ముందు ఎకో, బీపీ తేలనివ్వండి. నడక ఇవాళే మొదలుపెట్టొచ్చు.

తెల్లవారుజామున ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, ఎండాకాలం ఎనిమిది దాటితే బయటికి పోలేం. కాబట్టి లేవగానే వేడినీళ్ల స్నానం, పది నిమిషాలు సాగదీత, తర్వాత నడక. కుదరకపోతే సాయంత్రం. ఛాతీ ఎంత విప్పుకుంటోందో నెలకోసారి టేపుతో చూడండి. చనుమొనల ఎత్తులో చుట్టి, పూర్తిగా వదిలినప్పుడు ఒకటి, పూర్తిగా పీల్చినప్పుడు ఒకటి. తేడా 5 సెంటీమీటర్లుంటే మంచిది, 2.5 కన్నా తక్కువైతే పక్కటెముకలు బిగుస్తున్నట్టు. ఆయాసం వచ్చినప్పుడు ఛాతీ బిగుతు వల్లనా, గుండె వల్లనా అని డాక్టరు ఆలోచించడానికి ఈ అంకె పనికొస్తుంది.

క్షవరం అయ్యాక మెడ విరిపించుకోవడం ఆయనకి ఉంటే ఆ షాపతనికి ముందే చెప్పి పెట్టండి. అతుక్కున్న వెన్ను పెళుసుగా ఉంటుంది, చిన్న కుదుపుకి విరిగి నరాలు తెగిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. పడిపోయాక కొత్తగా మెడ నొప్పి, వెన్ను నొప్పి వస్తే ఎక్స్‌రే బాగుందన్నా సీటీ అడగండి.

ఒక కార్డు రాసి పర్సులో పెట్టించండి: ఏఎస్ ఉంది, మెడ వెనక్కి వంగదు, వాడే మందులు ఇవి, ఈ మందు ఇన్ని రోజులకి. గుండెపోటుతో తీసుకెళ్లినప్పుడు ఊపిరి గొట్టం వేయాల్సి వస్తే మెడ బలవంతంగా వంచకూడదు, కెమెరా ఉన్న పరికరంతో వేయాలి. యాంజియోగ్రామ్ బల్ల మీద వెల్లకిలా పడుకోలేకపోతే తల కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి, మణికట్టు నుంచి తీయమని ముందే అడగొచ్చు. అప్పటికప్పుడు ఇవన్నీ చెప్పే స్థితిలో ఆయన ఉండకపోవచ్చు, కాబట్టి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఆ కార్డు ఫొటో ఉండాలి.